రూట్ పేరున పడిన ఉత్తరాలు: మా సర్వర్లకు కాపలా పెట్టిన అనుభవం

మా బిల్లింగ్ సర్వర్ ఏడు నెలల పాటు రోజుకో ఉత్తరం రాసింది. ఒక డిస్కు పోయింది, రెండోదాని మీదే బండి నడుస్తోంది, ఎవరైనా చూడండి అని. ఆ ఉత్తరాలన్నీ రూట్ అనే, మిషన్ మీద అన్ని అధికారాలూ ఉన్న యూజర్ పేరున, అదే మిషన్‌లో ఒక ఫైల్లో పడి ఉన్నాయి. నేను రూట్‌గా లాగిన్ అయిన ప్రతిసారీ 'మీకు మెయిల్ ఉంది' అని ఒక లైను కనిపించేది కూడా. లైనక్స్ వాడేవాళ్లకు ఆ లైను గుడి మెట్ల దగ్గర చెప్పుల్లాంటిది. రోజూ చూస్తాం, దాటుకుని వెళ్లిపోతాం.

నేను కర్నూలులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకుంటాను. ఉద్యోగం పేరు సిస్టమ్ అడ్మిన్. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, రిసెప్షన్ అక్క ఫోన్‌లో వాట్సాప్ పోయినా పిలుపు నాకే. మాకు రెండు సర్వర్లున్నాయి. ఒకదాంట్లో బిల్లులు, రక్త పరీక్షల రిపోర్టులు. రెండోదాంట్లో సీటీ, ఎక్స్‌రే బొమ్మలు. రెండూ మూడో అంతస్తులో, నేరుగా స్లాబ్ కింద ఒక చిన్న గదిలో ఉంటాయి.

అక్కడే ఎందుకంటే, 2009 అక్టోబరు. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చిన రోజులు. పాతబస్తీలో గోడల మీద నీటి మరక చూపించి 'ఇంతవరకూ వచ్చింది' అనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా పెద్ద డాక్టరు గారు ఆ వరదలో ఎక్స్‌రే మిషన్ పోగొట్టుకున్నారు. అప్పటినుంచి కరెంటుతో నడిచే ఖరీదైన వస్తువేదీ కింద ఉండకూడదని ఆయన పట్టు. సీటీ మిషన్ బరువుకి తప్పలేదు గానీ, సర్వర్లు మాత్రం పైకెక్కాయి. నీళ్ల నుంచి తప్పించి ఎండకు అప్పజెప్పారన్నమాట. కర్నూలు ఎండ సంగతి తెలిసిందే, ఏప్రిల్‌లోనే 40 దాటుతుంది. సాయంత్రం ఏడింటికి ఆ గది గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం బిల్లింగ్ ఆగిపోయింది. కింద నలభై మంది జనం. పైకి పరిగెత్తి చూస్తే సర్వర్ స్క్రీన్ నిండా డిస్కు ఎర్రర్లు. రీస్టార్ట్ చేస్తే ఎలాగో లేచింది. అప్పుడు చూశాను రెయిడ్ స్థితి, అంటే ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ రాసిపెట్టే ఏర్పాటు ఎలా ఉందో. రెండు డిస్కులూ బాగుంటే రెండు 'యూ' అక్షరాలు పక్కపక్కన కనిపించాలి. ఒక యూ, ఒక అండర్‌స్కోర్ ఉన్నాయి. ఒకటి ఎప్పుడో పోయింది, రెండోది పోవడానికి సిద్ధంగా ఉంది. ఆ రాత్రి డేటా అంతా ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కించి, మర్నాడు సికింద్రాబాదు సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి రెండు కొత్త డిస్కులు బస్సు పార్శిల్‌లో తెప్పించి మార్చాం. అంతా అయ్యాక తీరిగ్గా ఆ ఉత్తరాలు తెరిచి చదివాను. మొదటిది సెప్టెంబరు నాటిది.

బెంగళూరులో ఉన్న నా క్లాస్‌మేట్‌కి ఫోన్ చేసి చెబితే వాడు నవ్వలేదు. "మామా, నాగియోస్ పెట్టుకోరా. పాతదే, కానీ నీ రెండు సర్వర్లకు చాలు" అన్నాడు. సర్వర్లను గమనిస్తూ, ఏదైనా చెడితే కబురు పంపే సాఫ్ట్‌వేర్ అది. నిజంగానే పాతది. ఈథన్ గాల్‌స్టాడ్ అనే ఆయన 1999లో నెట్‌సెయింట్ పేరుతో విడుదల చేసి, తర్వాత పేరు మార్చాడు. ఇప్పుడు దానికంటే అందమైన గ్రాఫులు గీసేవి చాలా ఉన్నాయి. గ్రాఫులు చూస్తూ కూర్చునే తీరిక నాకు లేదు. ఏదైనా చెడితే నన్ను లేపాలి, అంతే. ఒక పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు లైనక్స్ వేసి, నాగియోస్ 4 ఎక్కించాను. ఆ పని గంటలో అయిపోయింది. మిగతా కథంతా ప్లగిన్లదే, అది నెలన్నర పట్టింది.

నాగియోస్‌కి స్వయంగా ఏమీ తెలియదు. డిస్కు ఎంత నిండిందో, డేటాబేస్ నడుస్తోందో లేదో దానికి పట్టదు. అది చేసేదల్లా ఒకటే: చెప్పిన టైముకి ఒక చిన్న ప్రోగ్రామును నడిపి, అది ముగిసేటప్పుడు ఏ అంకె ఇచ్చిందో చూడటం. 0 అంటే బాగుంది. 1 హెచ్చరిక. 2 ప్రమాదం. 3 అంటే తెలియలేదు. ఆ చిన్న ప్రోగ్రామే ప్లగిన్. అందుకే ఎవరైనా, ఏ భాషలోనైనా రాసుకోవచ్చు. సిద్ధంగా దొరికేవీ చాలా ఉన్నాయి. 2014లో వాటిని రాసే బృందం నాగియోస్ కంపెనీ నుంచి వేరు కుంపటి పెట్టుకుంది. ఉబుంటులో దొరికేవి వాళ్లవే, మానిటరింగ్ ప్లగిన్స్ అనే పేరుతో.

మొదట పెట్టింది చెక్ డిస్క్. పెట్టగానే ఎర్రగా ప్రమాదం చూపించింది. గుండె ఝల్లుమంది, కొత్త డిస్కులు కదా! చూస్తే ఏమీ లేదు. ఉబుంటులో స్నాప్ ప్యాకేజీలు ఒక్కొక్కటీ ఒక చిన్న డిస్కులా కనిపిస్తాయి. అవి రాయడానికి వీల్లేనివి, కాబట్టి పుట్టుకతోనే నూటికి నూరు శాతం నిండి ఉంటాయి. వాటి రకమైన స్క్వాష్ ఎఫ్ఎస్‌ను వదిలేయమని ఒక ఆప్షన్ ఇస్తే సరిపోయింది.

ఈ డిస్కు హద్దుల దగ్గర ఇంకో మాట. అందరూ 20 శాతం ఖాళీ ఉంటే హెచ్చరిక, 10 శాతమైతే ప్రమాదం అని రాసేస్తారు. నేనూ అదే రాశాను. మా బొమ్మల సర్వర్లో డిస్కు 8 టెరాబైట్లు. సీటీలో ఒక్కో ముక్క 512 నిలువు, 512 అడ్డం, చుక్కకు రెండు బైట్లు, అంటే అర ఎంబీ. ఒక స్కాన్‌కి అయిదొందల ముక్కలనుకుంటే 250 ఎంబీ. రోజుకు నలభై స్కాన్లయినా 10 జీబీ. అంటే పది శాతం మిగిలినా మాకు ఎనభై రోజుల టైముంది. అదే సిస్టమ్ ఉండే 50 జీబీ పార్టిషన్‌లో పది శాతమంటే 5 జీబీ. ఒక లాగ్ ఫైలు పిచ్చెక్కితే ఒక్క రాత్రికి చాలదు. ఒకదానికి శాతాల్లో, ఇంకోదానికి జీబీల్లో, విడివిడిగా హద్దులు పెట్టుకున్నాను.

డెస్క్‌టాప్‌లో కూర్చుని సర్వర్ల లోపలి సంగతి తెలుసుకోవాలంటే మధ్యలో ఎన్‌ఆర్‌పీఈ అనే దూత కావాలి. అది సర్వర్లో 5666 పోర్టు (నెట్‌వర్క్ తలుపు నంబరు) మీద కూర్చుని, మనం అడిగినప్పుడు అక్కడి ప్లగిన్‌ను నడిపి జవాబు తెస్తుంది. పెట్టిన వెంటనే 'ఎస్ఎస్ఎల్ హ్యాండ్‌షేక్ పూర్తి కాలేదు' అంది. ఎస్ఎస్ఎల్ (మాటలు రహస్యంగా పంపే పద్ధతి) అంది కదా అని సర్టిఫికెట్ల వెంటపడి సగం రోజు వృథా చేశాను. అసలు కారణం అనుమతించిన హోస్టుల లైనులో మా డెస్క్‌టాప్ అడ్రసు లేకపోవడం. ఎవరో తెలియని మనిషి తలుపు కొడితే అది మొహం మీద తలుపు వేస్తుంది, ఆ చప్పుడే మనకు హ్యాండ్‌షేక్ ఎర్రర్‌లా వినిపిస్తుంది. అడ్రసు రాశాక కూడా అదే ఎర్రర్. సర్వీసు రీస్టార్ట్ చేయడం మర్చిపోయాను.

దాని సెట్టింగుల్లో 'డోంట్ బ్లేమ్ ఎన్‌ఆర్‌పీఈ' అనే ఒక లైను ఉంటుంది. బయటినుంచి ఆదేశాలతో పాటు వివరాలు కూడా పంపించుకోవాలంటే దాన్ని 1 చేయాలి. చేసి కొంప మునిగితే నన్ననొద్దు అని ముందే రాసిపెట్టుకున్నారన్నమాట. నేను 0గానే ఉంచేశాను. పేషెంట్ల వివరాలున్న మిషన్‌లో అలాంటి సరదాలు ఎందుకు?

తర్వాత హార్డ్‌వేర్. నేను ఎక్కువ రోజులు గడిపింది ఇక్కడే.

రెయిడ్ ప్లగిన్ మొదలు. అది చూసేది నేను ఏప్రిల్‌లో చూసిన అవే యూలు. దాని పక్కనే డిస్కుల లోపలి ఆరోగ్యం చెప్పే స్మార్ట్ ప్లగిన్ పెట్టాను. నేను చేత్తో నడిపితే చక్కగా జవాబిచ్చేది, నాగియోస్ అడిగితే మాత్రం 'అవుట్‌పుట్ చదవలేకపోయాను' అనేది. రూట్‌గా నేను నడిపితే డిస్కు తలుపులన్నీ తెరుచుకుంటాయి, నాగియోస్ అనే మామూలు యూజర్‌కి తెరుచుకోవు. ఆ ఒక్క కమాండుకే పాస్‌వర్డ్ అడగకుండా సుడోలో, అంటే రూట్ అధికారం అరువిచ్చే చోట, అనుమతి రాయాలి. అప్పటినుంచి ఏ ప్లగిన్ పరీక్షించినా నాగియోస్ యూజర్‌గా మారే నడుపుతున్నాను. ఇది ముందే తెలిసి ఉంటే నాకు రెండు సాయంత్రాలు మిగిలేవి.

స్మార్ట్ చెప్పేది పూర్తిగా నమ్మకూడదు. తీసేసిన ఆ చావబోతున్న డిస్కును సరదాకి మళ్లీ తగిలించి చూశాను. మొత్తమ్మీద ఆరోగ్యం ఎలా ఉందంటే 'పాస్' అంది! లోపలికి వెళ్లి చూస్తే 197వ నంబరు లైనులో, అంటే చదవలేక పెండింగులో పెట్టిన సెక్టార్లు (డిస్కులోని చిన్న ముక్కలు), 48. ఐదో నంబరు, అంటే పాడై వేరే చోటికి మార్చినవి, వందల్లో. పరీక్ష పాసైన పిల్లవాడి మార్కుల కాగితం చూస్తే ముప్పైయైదులే ఉన్నట్టు. అందుకని 'పాస్' అనే మాటను వదిలేసి 5, 197, 198 నంబర్లలో సున్నా తప్ప ఏమొచ్చినా నాకు చెప్పమన్నాను. అయినా ధీమా లేదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులు గమనించి రాసిన పత్రంలో, చెడిపోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా వాటిలో, వేడిని పక్కనపెడితే, స్మార్ట్ ఏ సూచనా ఇవ్వలేదని తేల్చారు. మూడింట ఒకటి చెప్పకుండానే పోతుంది. అందుకే రెయిడ్, అందుకే బ్యాకప్.

ఇక వేడి. రెండు సర్వర్లలోనూ ఐపీఎంఐ ఉంది, మదర్‌బోర్డు మీద విడిగా బతికే ఒక చిన్న కంప్యూటర్ లాంటిది. ఫ్యాన్లు ఎంత వేగంతో తిరుగుతున్నాయి, లోపలికి వచ్చే గాలి ఎంత వేడిగా ఉంది, అన్నీ చెబుతుంది. కంపెనీవాళ్లు పెట్టిన హద్దులు మరీ ఉదారంగా ఉన్నాయి. అవి దాటేసరికి కాలమే దాటిపోతుంది. సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని యాష్రే అనే ఏసీ ఇంజనీర్ల సంస్థ సిఫారసు. మా గదిలో 27 అంటే ఊటీ. హెచ్చరిక 30, ప్రమాదం 35 అని పెట్టుకున్నాను. డెస్క్‌టాప్‌కి మాత్రం ఎల్ఎమ్ సెన్సార్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడాను. దాంట్లో ఒక లైను ఆగ్జ్‌టిన్ పేరుతో 127 డిగ్రీలు చూపించింది. 127 డిగ్రీలైతే గదిలో ఇడ్లీలు ఉడికిపోవాలి. బోర్డు మీద చిప్‌కి ఆ కాలు దేనికీ కలపకుండా వదిలేస్తే అలా పిచ్చి అంకె చూపిస్తుందట. ఆ లైను తీసేశాను.

రెండు సర్వర్లూ ఒకే ర్యాక్‌లో, ఒకే ఏసీ కింద. అయినా కింది సర్వర్ లోపలికి వెళ్లే గాలి పైదానికంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ. వేడి పైకి పోతుంది కదా, తలకిందులుగా ఎందుకుంది? సెన్సార్ చెడిందనుకున్నాను. రెండు రోజులు ప్లగిన్ హద్దులతో కుస్తీ పట్టాను. మూడో రోజు ర్యాక్ ఎదుట నిలబడితే అర్థమైంది. ముందు తలుపు జల్లెడలా ఉంటుంది, గాలి అక్కడినుంచే లోపలికి వెళ్లాలి. ఆ తలుపు కింది భాగానికి ఎవరో ఒక మందుల కంపెనీ క్యాలెండరు తగిలించారు. పెద్దది, దళసరి కాగితం. ఎప్పటినుంచి వేలాడుతోందో తెలియదు గానీ అందులో నెల మాత్రం కిందటి జూన్ దగ్గరే ఆగిపోయి ఉంది. తీసేశాను. పావుగంటలో రెండూ సమానమయ్యాయి. ఆ చచ్చిపోయిన డిస్కులు ఉన్నది కూడా కింది సర్వర్లోనే. క్యాలెండరే వాటిని చంపిందని చెప్పలేను గానీ, మంచి మాత్రం చేసి ఉండదు.

హార్డ్‌వేర్ అయ్యాక సర్వీసులు సులువనుకున్నాను. అక్కడే ఎక్కువ మోసపోయాను.

డేటాబేస్ నడుస్తోందా లేదా చూడటానికి చెక్ ప్రాక్స్ అనే ప్లగిన్ పెట్టి, ప్రమాదం హద్దుగా 1 రాశాను. పచ్చగా వచ్చింది. ఒక ఆదివారం జనం లేనప్పుడు, అసలు పనిచేస్తుందో లేదో చూద్దామని డేటాబేస్‌ను నేనే ఆపాను. అయినా పచ్చగానే ఉంది! ప్లగిన్ల లెక్కలో ఊరికే 1 అని రాస్తే 'సున్నా నుంచి ఒకటి దాకా ఫర్వాలేదు' అని అర్థం. ఒక్కటీ లేకపోయినా దానికి సమ్మతమే. 'కనీసం ఒకటి ఉండాలి' అనాలంటే 1 పక్కన కోలన్ పెట్టాలి. రెండు చుక్కలు! ఆ రెండు చుక్కలు లేక పన్నెండు రోజులు మా డేటాబేస్‌కి కాపలా లేదు, నేను మాత్రం ఉందనుకుని నిద్రపోయాను. అప్పటినుంచి ప్లగిన్ పెట్టిన ప్రతిసారీ ఆ సర్వీసును ఆపి ఎర్రబడుతుందో లేదో చూశాకే ముందుకు వెళ్తున్నాను.

బొమ్మల సర్వర్‌ది ఇంకో రకం. సీటీ మిషన్ బొమ్మలను డైకామ్ అనే, వైద్య బొమ్మలు పంపుకునే పద్ధతిలో 104 పోర్టుకు పంపుతుంది. ఆ పోర్టు తెరిచి ఉందా అని చెక్ టీసీపీతో అడుగుతున్నాను. ఒక మంగళవారం హైదరాబాదు నుంచి రేడియాలజిస్టు ఫోన్. "ఏమయ్యా, రెండు గంటలైంది, ఒక్క స్కానూ రాలేదు." నాగియోస్ పేజీ చూస్తే అన్నీ పచ్చగా ఉన్నాయి. "ఇక్కడ అంతా బాగుంది సార్" అన్నాను, సిగ్గు లేకుండా. ప్రోగ్రాము బిగుసుకుపోయింది. కానీ పోర్టు దగ్గర మొదటి పలకరింపుకు జవాబిచ్చేది ప్రోగ్రాము కాదు, కింద ఉన్న కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. ఇంటి తలుపు తీసే ఉంది, లోపల మనిషి సొమ్మసిల్లి పడి ఉన్నాడు. తలుపు తీసి ఉందా అని నేను అడిగాను, ఉందని జవాబొచ్చింది. జవాబులో తప్పు లేదు.

డైకామ్‌లో సి ఎకో అని ఒక చిన్న పలకరింపు ఉంది, 'ఉన్నావా' అంటే 'ఉన్నాను' అని ప్రోగ్రామే స్వయంగా చెప్పాలి. డీసీఎమ్‌టీకే అనే ఉచిత సాధనాల్లో ఎకో ఎస్‌సీయూ అనే కమాండు ఆ పని చేస్తుంది. దాన్ని పట్టుకుని పది లైన్ల షెల్ స్క్రిప్టు రాశాను, నా మొదటి సొంత ప్లగిన్. ప్రోగ్రామును ఆపి చూశాను. పేజీలో 'ప్రమాదం, జవాబు లేదు' అని నేను రాసిన మాటలే వచ్చాయి, కానీ పచ్చ రంగులో! స్క్రిప్టులో చివరి లైను ఆ మాటలను ప్రింట్ చేసే షెల్ కమాండు, దాని పేరూ ఎకోనే. ప్రింట్ చేయడం విజయవంతంగా జరిగింది కాబట్టి స్క్రిప్టు 0 ఇచ్చి ముగిసింది. నాగియోస్ మాటలు చదవదు, అంకెనే చూస్తుంది. మాటలు మనకోసం. ఎగ్జిట్ 2 అని ఒక లైను చేర్చాక ఎర్రబడింది. ఇంకో జాగ్రత్త కూడా అవసరమైంది: బిగుసుకున్న ప్రోగ్రామును పలకరిస్తే మన ప్లగినూ దానితో పాటు బిగుసుకుంటుంది. చెక్ ఎన్‌ఆర్‌పీఈ మామూలుగా పది సెకన్లే ఓపిక పడుతుంది, కాబట్టి నా స్క్రిప్టుకు ఎనిమిది సెకన్ల గడువు పెట్టాను.

బ్యాకప్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ చెబితే పరువు పోతుంది. రోజూ రాత్రి రెండింటికి డేటాబేస్‌ను తీసి, జిజిప్‌తో కుదించి ఒక ఫైలు చేస్తుంది. ఫైలు కొత్తదో కాదో చూసే చెక్ ఫైల్ ఏజ్ ప్లగిన్ పెట్టాను. అది మామూలుగా 240 సెకన్లు దాటగానే హెచ్చరిస్తుంది, కాబట్టి 26 గంటలకు, అంటే 93,600 సెకన్లకు మార్చాను. అంతా పచ్చగా ఉంది. ఒకరోజు ఎందుకో ఫైళ్ల లిస్టు చూస్తే, వారంగా ప్రతి ఫైలూ సరిగ్గా 20 బైట్లు. వారం కింద డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాను, బ్యాకప్ స్క్రిప్టులో మార్చలేదు. తీసే కమాండు ఏమీ తీయలేకపోయింది, జిజిప్ ఆ శూన్యాన్నే శ్రద్ధగా కుదించి పెట్టింది. శూన్యాన్ని జిజిప్ చేస్తే వచ్చేది 20 బైట్లు. ఆ ప్లగిన్‌లోనే కనీసం ఇంత సైజు ఉండాలని చెప్పే ఆప్షన్ ఉంది. మొదటే చదివి ఉండాల్సింది.

ఇక కబుర్లు రావడం. టెలిగ్రామ్‌లో ఒక బాట్ చేసి, నాగియోస్ ఏది చెప్పినా నా ఫోన్‌కి వచ్చేలా కలిపాను. మొదటి రాత్రి 63 మెసేజ్‌లు. బ్యాకప్ నడిచేటప్పుడు లోడ్ పెరిగిందని, తగ్గిందని, మళ్లీ పెరిగిందని. రిసెప్షన్ ప్రింటర్‌ను అక్క స్విచ్ ఆపేసి వెళ్లింది కాబట్టి అది చచ్చిపోయిందని. పక్క గదిలోంచి అమ్మ, "ఆ ఫోను అవతల పారెయ్ నాయనా, తెల్లార్లూ టింగుమంటానే ఉంది" అంది. మూడో రోజుకి నేనే మ్యూట్ చేశాను. మ్యూట్ చేసిన కాపలాదారుకీ, రూట్ పేరున పడిన ఉత్తరాలకీ తేడా ఏముంది? అది తట్టగానే కూర్చుని ఒక్కో చెక్ తీసుకుని నన్ను నేనే అడిగాను: ఇది రాత్రి రెండింటికి వస్తే నేను లేచి బండి తీస్తానా? తీయననుకుంటే దాన్ని పగటి పూటకే పరిమితం చేశాను. ప్రింటర్లను పూర్తిగా తీసేశాను, వాటి గురించి చెప్పడానికి రిసెప్షన్ అక్క చాలు. మిగతావాటికి మూడుసార్లు వరసగా తప్పితేనే కబురు పంపమన్నాను. నాగియోస్ భాషలో మొదటి రెండు తప్పులూ సాఫ్ట్, మూడోది హార్డ్. ఐదు నిమిషాలకోసారి అడగడం, తేడా కనిపిస్తే నిమిషానికోసారి మళ్లీ అడగడం. ఇప్పుడు వారానికి రెండో మూడో వస్తాయి. వస్తే చూస్తాను.

యూపీఎస్ కలపడం చివర్న చేశాను. మాది లోకల్‌గా కొన్న 3 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్, 8 బ్యాటరీలు. వెనక యూఎస్‌బీ రంధ్రం ఉంది గానీ డబ్బాలో సీడీ లేదు, కాగితం లేదు. నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మెగాటెక్ అనే యూపీఎస్‌ల భాష మాట్లాడే డ్రైవర్ ఉంటే దాన్ని ప్రయత్నించాను, మొదటిసారికే పలికింది. ఈ మొత్తం పనిలో మొదటిసారికే పనిచేసింది అదొక్కటే. కరెంటు ఉందా, బ్యాటరీ వోల్టేజీ ఎంత, లోడ్ ఎంత, అన్నీ వచ్చాయి. ఎలక్ట్రీషియన్ భాయ్‌ని పిలిచి, కింద మెయిన్ ఆపమన్నాను. సర్వర్లు నిలబడ్డాయి, డెస్క్‌టాప్ నిలబడింది, పేజీలో 'బ్యాటరీ మీద నడుస్తోంది' అని వచ్చింది. నా ఫోన్‌కి మాత్రం మెసేజ్ లేదు. అయిదు నిమిషాలు చూశాం. "మీ ఇంటర్నెట్ డబ్బా యాడుంది సార్?" అన్నాడు భాయ్. కింద రిసెప్షన్ బల్ల కింద, మామూలు సాకెట్లో. కరెంటు పోగానే అదీ పోయింది. కాపలాదారు గొంతు చించుకుని అరుస్తున్నాడు, వీధిలోకి వినపడే కిటికీ మూసి ఉంది. అదే రోజు భాయ్ యూపీఎస్ లైను నుంచి ఒక వైరు కిందికి లాగి రౌటర్‌కి ఇచ్చాడు.

అయినా డెస్క్‌టాపే చచ్చిపోతే ఎవరు చెబుతారు? దానికోసం బెంగళూరు క్లాస్‌మేట్ ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే ఒక బుల్లి కంప్యూటర్ ఉంటే, మా డెస్క్‌టాప్ పదినిమిషాలకోసారి దానికి 'బతికే ఉన్నా' అని చెప్పేలా పెట్టాం. అరగంట వినపడకపోతే అది వాడికీ నాకూ మెసేజ్ కొడుతుంది. ఇంతవరకూ రెండుసార్లు కొట్టింది. రెండుసార్లూ వాళ్లింట్లో ఇంటర్నెట్టే పోయి, తిరిగి రాగానే కొట్టింది.

మే నెలలో ఒక శనివారం రాత్రి పదకొండు నలభైకి ఫోన్ మోగింది. కింది సర్వర్ గాలి 31. ఏసీ స్టెబిలైజర్ కొట్టేసి ఉంటుందనుకున్నాను. నేనుండేది నంద్యాల చెక్‌పోస్ట్ వైపు, బండి మీద వెళ్లినా కొంత టైము పడుతుంది. వాచ్‌మన్ తాతకు ఫోన్ చేసి, పైకెళ్లి సర్వర్ గది తలుపు తెరిచి, కాన్ఫరెన్స్ గదిలోని టేబుల్ ఫ్యాన్ తెచ్చి ర్యాక్ ముందు పెట్టమన్నాను. ఆయనకు మోకాళ్ల నొప్పి, మూడు అంతస్తులు. విసుక్కోకుండా ఎక్కాడు. దారిలో ఆగి ఫోన్ చూస్తే 34. నేను మెట్లెక్కేసరికి ఆయన కుర్చీ వేసుకుని ఫ్యాన్ పక్కనే కూర్చుని ఉన్నాడు, తువ్వాలుతో తనకు తాను విసురుకుంటూ. స్టెబిలైజర్ రీసెట్ చేశాను, ఏసీ మొదలైంది.

"ఇప్పుడెంతుందప్పా?" అన్నాడు.

"33 తాతా. దిగుతోంది."

"నా గదిలో అంతకంటే ఎక్కువే ఉంటాది" అన్నాడు, ఫ్యాన్ వైపు చూస్తూ.

30కి దిగేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. పొద్దున పెద్ద డాక్టరు గారితో మాట్లాడి ఆ టేబుల్ ఫ్యాన్ తాత గదిలోకి మార్పించాను. సర్వర్ గదికి వేరేది కొన్నాం.